అన్నిటికన్నా మెత్తని మాట

శ్రీరామమూర్తి సారు ఎవర్నీ తిట్టడు. బక్కయ్యకు ఆయన మీదున్న కోపమంతా అదే. తిట్టేవాడికి ఎదురు చెప్పొచ్చు. నవ్వుతూ దిద్దేవాడిని ఏమంటాం?

ఒకసారి "పోతా సార్, పనుంది" అన్నందుకు, "ఇది అడగడమా బక్కయ్యా, నోటీసివ్వడమా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్ గడప దాటాక బక్కయ్య లాంటి జిరాక్సు మనిషైనా సరే, ఇంగ్లీషులోనే అడగాలి.

ఇవాళ జిరాక్సు మిషన్ మీద నడుస్తున్నది ఆ అడగడాల పాఠమే. 'ఐ వాంట్' మొరటు. 'కెన్ ఐ' స్నేహితులకు. 'కుడ్ ఐ' మర్యాద. 'వుడ్ యు మైండ్' అన్నిటికన్నా మెత్తన. వేడి కాగితాల అంచులను నల్లబడ్డ వేళ్లతో సర్దుతున్నాడే గానీ, బక్కయ్య కళ్లు గోడగడియారం మీదే ఉన్నాయి.

ఎల్బీనగర్‌లో ఇంటి దగ్గర భార్య పెంటమ్మకు రాత్రి నుంచి ఊపిరాడటం లేదు. పొద్దున కిరాయి ఇంటి గోడకు ఆనుకొని, "సార్‌కు చెప్పి జల్ది రా. నీ ఇంగిలీషు ఆడనే పడేసి రా" అంది. పక్కింటి మహిపాల్ తన ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోతానన్నాడు, పన్నెండు లోపలైతేనే. ఆ తర్వాత తెలంగాణ కోసం రాస్తారోకో, చౌరస్తా మూసేస్తారు. చెప్పకుండా మానేస్తే రేపు మిషన్ దగ్గర ఇంకొకడుంటాడు. అందుకే వచ్చాడు.

క్లాసు తలుపు దగ్గర నిలబడి, ఉన్నవాటిల్లో మెత్తనిది ఎంచుకున్నాడు.

"సార్, వుడ్ యు మైండ్ ఇఫ్ ఐ గో ఎర్లీ టుడే?"

సారు ముఖం వెలిగింది. "విన్నారా? మా బక్కయ్య ఎంత బాగా అడిగాడో చూడండి! కొట్టండి చప్పట్లు!" చప్పట్లు మోగాయి. "తప్పకుండా వెళ్దువుగాని. మధ్యాహ్నం బ్యాచి షీట్లు పూర్తి కానివ్వు. కంగారేం లేదుగా?"

నా పెండ్లానికి పానం పోయేటట్టుంది సార్, అని గొంతుదాకా వచ్చింది. అన్ని చప్పట్ల మధ్య అంత మొరటు మాట బయటికి రాలేదు.

"నో సార్."

మిషన్ మీద వంగగానే ఫోన్ మోగింది. మహిపాల్. "కాకా, ఏడున్నవే? నువ్వు రాంది చిన్నమ్మ ఆటో ఎక్కనంటాంది. జెండాలు పట్టుకొని వస్తున్నరు, జర ఉరుకు!"

"వస్తున్న," అన్నాడు. షీట్లు అయ్యాకే మెట్లు దిగాడు.

బస్సుల్లేవు. కొత్తపేట దగ్గర రోడ్డు నిండా జనం. "జరుగుండ్రి!" అని అరిచాడు. వెంటనే జరిగారు. ఎవరూ నవ్వలేదు.

ఇంటి ముందు ఆటో నిలబడి ఉంది. మహిపాల్ అతణ్ని చూసి లేచాడు. ఇంట్లో పెంటమ్మకు ముఖం మీది దాకా దుప్పటి కప్పి ఉంది.

ఆటో వెనక సీట్లో దవాఖానకని ఆమె కట్టిన సంచి అట్లాగే ఉంది. బక్కయ్య ముడి విప్పాడు. పెంటమ్మ చీర ఒక్కటీ లేదు. దవాఖానలో రాత్రి ఆమె మంచం పక్కన పడుకోవడానికి అతని లుంగీ, అతని తువ్వాల, అతని బీపీ గోలీలు.