కిటికీ కింద ఇంజను

ఆ ఆదివారం బండి పలకలేదు.

ఆయన చోకు లాగి తాళం తిప్పారు. కాసేపాగి మళ్ళీ తిప్పారు. ఎవరో నిద్రలో మూలిగినట్టు లోపల ఒక చప్పుడు పుట్టి ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత తిప్పినా అంతే. షెడ్డులోంచి బయటికొచ్చి, అలవాటు కొద్దీ మేడమీది కిటికీ వైపు తలెత్తారు. తెర వేసే ఉంది. ఏమైందని అడిగేందుకు అక్కడెవరూ లేరు.

బండి ఆయన భార్యది. పైకప్పు మడిచేసే, రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు, ముదురాకుపచ్చ రంగు. నేలను అంటిపెట్టుకున్నట్టు ఉండేది. అందులోకి ఎక్కడమంటూ ఉండదు, దిగడమే. పెళ్ళికి ముందు, నీటి సరఫరా ఆఫీసులో డ్రాయింగులు గీసే రోజుల్లో, ఎవరి పెరట్లోనో కోళ్ళు అందులో గుడ్లు పెట్టుకుంటుంటే చూసి కొనుక్కుంది. తనే బాగుచేసుకుంది. పెంకిపిల్ల అని పేరు పెట్టింది. "నాతోపాటు ఇంకో పెంకిది కూడా వస్తుంది, ఆలోచించుకోండి" అని పెళ్ళిమాటల్లోనే చెప్పేసింది.

ఆయనకి నడపడం రాదు. ఒక్కసారి ప్రయత్నిస్తే గేటు స్తంభం అడ్డొచ్చింది. దాని మీద ఆకుపచ్చ గీత ఇంకా ఉంది. "మీ సంతకం" అనేది ఆమె. అచ్చుకి వెళ్ళే పుస్తకాల్లో తప్పులు దిద్దడం ఆయన పని. కారు విషయంలో మాత్రం పనిముట్లు అందించే ఉద్యోగమే. ఏటా వానలకు ముందు ఆమె బానెట్ ఎత్తి ప్లగ్గులు, ఫిల్టర్లు, బెల్టు మారుస్తుంటే ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఆమె తలెత్తకుండా చెయ్యి చాచేది. చాచిన తీరును బట్టే అందులో ఏ స్పానర్ పెట్టాలో ఆయనకు తెలిసిపోయేది.

తర్వాత ఆమె మంచం పట్టింది. మేడమీది గది కిటికీ సరిగ్గా షెడ్డు మీదికే తెరుచుకుంటుంది. ఒక ఆదివారం పొద్దున్న, "కిందికెళ్ళి పెంకిదాన్ని ఓసారి పలకరించి రండి. గొంతు విని చాలా రోజులైంది" అంది. ఆయన వెళ్ళి స్టార్ట్ చేసి, కాఫీ తాగేంత సేపు ఇంజను ఆడనిచ్చి, ఆపి పైకొచ్చారు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. "బాగానే ఉంది గొంతు" అంది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే. కొన్నాళ్ళకి ఇంజను మధ్యమధ్యలో దగ్గడం మొదలెట్టింది. "దగ్గుతోంది కదూ?" అని ఆయన గాభరాపడితే, "పెద్దదైంది కదండీ, నాలాగే. మీరేం కంగారు పడకండి" అనేది.

ఆమె పోయాక కూడా ఆయన ఆ అలవాటు మానలేదు. చీరలు మరదళ్ళు పట్టుకెళ్ళారు, పుస్తకాలు ఎవరెవరికో వెళ్ళాయి. ఆమె వస్తువుల్లో ఇంకా నోరున్నది ఇదొక్కటే. ఇప్పుడు దీని నోరూ పడిపోయింది.

ఆయన బావమరిదికి ఫోన్ చేశారు.

బావమరిది పళ్ళ డాక్టరు. అక్క దగ్గర పని నేర్చుకున్నవాడే కాబట్టి బానెట్ కింద ఏముందో అతనికి తెలుసు. మధ్యాహ్నానికల్లా ఒక అట్టపెట్టె చంకలో పెట్టుకుని దిగాడు.

"ఏది బావా, పేషెంటు?"

"షెడ్డులో. బతుకుతుందంటావా?"

"ముందు నోరు తెరవనీ." బానెట్ ఎత్తి, "ఆఁ అనమ్మా" అన్నాడు దానితో. ఆయనకి నవ్వొచ్చింది. చాలాకాలం తర్వాత ఆ షెడ్డులో ఎవరో నవ్వినట్టనిపించి, తన నవ్వుకు తనే ఉలిక్కిపడ్డారు.

బ్యాటరీ బాగానే ఉందన్నాడు. మొదటి ప్లగ్గు విప్పి వెలుతురులో పెట్టి చూశాడు. మసి మందంగా పట్టి నల్ల మఖ్మల్ గుడ్డ చుట్టినట్టుంది. మిగతావీ అంతే. నూనె పోసేచోట మూత తీసి తిరగేస్తే, అడుగున పాలమీగడలాంటి జిగురు పేరుకుని ఉంది. బావమరిది దాన్ని చప్పున గుడ్డతో తుడిచేశాడు.

"ఏమిట్రా అది?"

"ఏం లేదు. పాత బండి కదా, వస్తుంటాయి."

తప్పుల మీద నుంచి చూపు జారిపోయే పాఠకుల్ని ఆయన జీవితమంతా చూశారు. బావమరిది చూపు ఇప్పుడు అలాగే జారింది. అది చూసి ఆయన అనుకున్నారు: దీన్ని నేనే ఏదో చేశాను, చంపేశానేమో. ఆమెది ఒక్కటి నా చేతికి మిగిలితే, దాన్నీ నిలబెట్టుకోలేకపోయాను.

ఆయన స్టూలు లాక్కుని కూర్చుని అట్టపెట్టె విప్పారు. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, ఆయిల్ ఫిల్టర్, బెల్టు, నూనె డబ్బా. అన్నీ ఉన్నాయి. ఒక ప్యాకెట్టు మీద వేలితో రాస్తే దుమ్ము అంటుకుంది. అంచులు పసుపెక్కాయి.

"నువ్వు బండి చూడకముందే ఇవన్నీ ఎలా తెచ్చావు?"

బావమరిది స్పానర్ తుడవడం మొదలెట్టాడు.

"కొత్తగా కొన్నవి కూడా కావు."

"నీ కంట పడకుండా ఒక్క కామా కూడా తప్పించుకోదు కదా బావా," అన్నాడు చివరికి. "అక్క ఉన్నప్పుడే కొన్నాను. అక్కే కొనమంది."

"ఎందుకు?"

"చెప్పకపోతే ఊరుకోవా?"

"ఊరుకోను."

అతను మడ్‌గార్డుకి ఆనుకున్నాడు. "ఇలాంటి బండిని స్టార్ట్ చేసి, నడపకుండా, పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తుంటే లోపల చెమ్మ చేరి నూనెలో కలుస్తుంది. ప్లగ్గులకి మసి పడుతుంది. ఊరికే వదిలేసినా ఇంత పాడవదు."

ఆయన పళ్ళెంలో నల్లగా పడున్న ప్లగ్గుల వైపు చూశారు. "మీ అక్కకి తెలియదా?" అన్నారు.

"అక్కకి తెలియకపోవడమేమిటి? నేనొకసారి చూడ్డానికొచ్చినప్పుడు నువ్వు కింద ఇంజను ఆడిస్తున్నావు. నేను చెప్పబోతే అక్క నా మణికట్టు పట్టుకుంది. అప్పటికి ఆ చేతిలో బలమే లేదు, అయినా పట్టుకుంది. 'చెప్పకు. మీ బావ వారమంతా ఈ కుర్చీలోంచి లేవరు. ఈ వంకన మెట్లు దిగి, కాస్త గాలి పీల్చుకుని వస్తారు. వచ్చినప్పుడు ముఖంలో కళ ఉంటుంది. నాకది చాలు. ప్లగ్గులదేముంది, మార్చుకోవచ్చు' అంది."

ఆయన ప్యాకెట్టు మీది దుమ్మును చొక్కా అంచుతో తుడిచారు.

ఇన్నాళ్ళూ ఆయన మెట్లు దిగింది ఆమె కోసం. ఆమె అడిగింది ఆయన కోసం. ప్రాణంలా చూసుకున్న బండిలో ఒక్కో దగ్గూ ఎందుకొస్తుందో తెలిసి, అది వారం వారం పాడవుతుంటే పైన పడుకుని కళ్ళు మూసుకుని విని, బాగానే ఉంది గొంతు అంది.

"మరి తను పోయాకైనా చెప్పొచ్చుగా?"

"వద్దంది. స్టార్ట్ కాని రోజున ఆయనే పిలుస్తారు, అప్పుడెళ్ళు, అంతదాకా ఆడించుకోనీ అంది. ఇంత ఆలస్యం చేస్తావని నేననుకోలేదు. ఫోన్ మోగిన ప్రతిసారీ నువ్వేమోనని చూసుకునేవాణ్ణి." పాత డబ్బా ఒకటి అందుకున్నాడు. "ఏడిస్తే ఏడువు బావా, నేను అటు తిరుగుతాను. నూనె ఎలాగూ దించాలి."

నిజంగానే అటు తిరిగి, జాకీతో బండిని లేపి కిందికి దూరాడు. మంచివాడు. ఆయన తలుపు చాటుకు వెళ్ళి, పాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని వచ్చి కూర్చున్నారు.

కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, అరచెయ్యి పైకి పెట్టి. ఆయన ఆలోచించకుండానే దాంట్లో స్పానర్ పెట్టారు. సరైనదే.

నూనె బురదనీళ్ళలా దిగింది. కొత్త ఫిల్టర్ బిగించి కొత్త నూనె పోశారు. ప్లగ్గులు, బెల్టు మారాయి. పాయింట్ల దగ్గర బావమరిది ఆగిపోయాడు. ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే ఆ రెండు చిన్న లోహపు ముక్కల మధ్య రేకు పట్టేంత సందు ఉండాలి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుని, "చత్వారం బావా. అద్దం లేకపోతే పన్ను కూడా కనిపించట్లేదు. పేషెంట్లకి చెప్పకు" అన్నాడు.

"ఇలా ఇవ్వు."

ఆయన మొదటిసారి ఆ బానెట్ కిందికి వంగారు. సన్నటి రేకును సందులో పెట్టారు. అచ్చులో అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం చూసి చూసి అలవాటైన కళ్ళు. రేకు కాస్త ఒరుసుకుంటూ కదిలేదాకా సర్ది, మరను బిగించారు. ఇన్నేళ్ళూ ఆమె వంగిన చోట ఇంత ఘాటైన నూనె వాసన ఉంటుందని, పక్కనే కూర్చున్నా, తెలియలేదు.

"తిప్పు," అన్నారు.

కాసేపు గునిసి బండి పలికింది. మొదట గరగరలాడింది, వెనక గొట్టంలోంచి తెల్లటి ఆవిరి కక్కింది, ఆపైన కుదురుకుంది. నున్నటి, నిండైన చప్పుడు. ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పటి గొంతు. ఆయన సంతోషపడాల్సింది. కానీ ఆఖరి నెలల్లో వాళ్ళిద్దరూ కలిసి విన్నది ఇది కాదు. ఆ దగ్గు పాత ప్లగ్గులతోపాటు పళ్ళెంలో పడుంది.

"ఇక ఊరికే ఆడించకూడదు బావా. నడపాలి, లేదా వదిలేయాలి. ఆదివారాలు నేనొస్తాను. ఎక్కు."

ఆయన తన సీట్లో, ఎప్పుడూ కూర్చునే సీట్లో, దిగబడి పనిముట్ల గుడ్డ ఒళ్ళో పెట్టుకున్నారు. గేటు దాటుతుంటే ఆకుపచ్చ గీత పక్కనుంచి పోయింది. ఆయన వెనక్కి తిరిగి కిటికీ వైపు చూశారు. ఇన్నాళ్ళూ దాని కిందే తిరుగాడిన చప్పుడు ఇప్పుడు దాన్ని విడిచి వీధిలోకి మళ్ళింది.

"చలిగా ఉందా? పైకప్పు వేయనా?"

"వద్దు. పోనీ."

గాలి ముఖానికి కొట్టింది. బండి మెత్తగా పరుగెడుతోంది. వీధి చివరి మలుపు దాటి, ఆ తర్వాతి మలుపు దాటేదాకా ఆయన చెవులు రిక్కించి ఆ దగ్గు కోసం ఎదురుచూశారు. అది రాలేదు.