తొట్టెల తాడు

ఆదివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు తొట్టెల కింద పడింది. అందులో బరువు ఆగుతుందో లేదో చూడటానికి పెట్టింది పది కిలోల గోధుమపిండి సంచి. సంచి ఒక మూల చిట్లింది. పాప పక్కనే మంచం మీద ఉంది. నిద్ర లేవలేదు.

గుజరాత్‌లోని బమ్రోలిలో ఆ ఇల్లు మూడో అంతస్తు మీద, రేకుల కింద ఒకే గది. ఆ రోజు పాపకు ఇరవై ఒకటో రోజు. సాయంత్రం నాలుగింటికి తొట్టెలలో వేసి పేరు పెట్టాలి. తాడు పేనింది తాత వెంకటయ్య, పాప అక్క సుమన, అన్న సాయికుమార్. సుమనకు పదకొండేళ్లు, సాయికి ఎనిమిది.

"పడ్డది పిండి గాబట్టి సరిపాయె," అంది కోడలు ప్రసన్న, చీపురు అందుకుంటూ. "ముందే చెప్పిన గద మామా. ఊర్మిళాబెన్ ఘోడియు ఇస్తనన్నది. ఇనుపది. పడదు."

ఘోడియు అంటే గుజరాతీ ఇళ్లలో ఉండే స్టాండు ఊయల. కింది ఇంటి ఊర్మిళాబెన్ దాన్ని మడిచి, అప్పటికే మెట్ల దగ్గర పెట్టింది.

"నాలుగింటి దాంక ఆగు బిడ్డా," అన్నాడు వెంకటయ్య.

అతని కొడుకు వినోద్ ఊగింది వెంకటయ్య తండ్రి పేనిన తాడు మీద. సుమన, సాయి పుట్టినప్పుడు వెంకటయ్యకు ఉధ్నాలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, డ్యూటీ. రెండుసార్లూ తాడు బజారు నుంచి వచ్చింది. ఇప్పుడు పని మానేసి ఇంట్లో ఉన్నాడు. ఇంట్లో ఇంకో పాప పుట్టదని ప్రసన్న ఆస్పత్రిలోనే చెప్పేసింది.

"ముప్పై ఏండ్లు సాంచెలు నడిపిండు. తొట్టెల తాడు పేనరాకపాయె," అంది అతని భార్య గంగవ్వ, శనగలు ఏరుతూ.

వెంకటయ్య తాడును వరండాలోకి తెచ్చి, వెలుతురులో పెట్టి పురి విప్పాడు.

ఆ తాడు పాలిస్టరు పట్టీలతో పేనింది. సాంచె మీద బట్ట నేసేటప్పుడు అంచున కోసి పారేసే పట్టీలను వినోద్ ఒక సంచి నిండా తెచ్చాడు. ఒక్కోటి రెండు బారలు కూడా లేదు. ముడేసి కలిపితే తప్ప పొడవు రాదు. పొద్దున ఎనిమిదింటికి పని మొదలైంది. మూడు పాయలు. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొసకు కర్ర దూర్చి పిల్లలు తిప్పారు. సాయి తిప్పుతూ నూట నలభై దాకా లెక్కపెట్టి, మధ్యలో హిందీలోకి మారి, లెక్క తప్పాడు. ముళ్లు మాత్రం వెంకటయ్య ఎవరినీ వేయనివ్వలేదు.

"ముడి కండ్లకు కనపడొద్దు," అని పిల్లలకు చెప్పాడు. "ముడి దాటిన తోక దగ్గరికి కోయాలె. లేకుంటే పన్నెల ఇరుకుతది, పోగు తెగుతది." పన్నె అంటే మగ్గం మీద పోగులన్నీ దూరి వచ్చే దువ్వెన. అతను ఆ ముడి నేర్చుకున్నది పదకొండో ఏట, ఊళ్లో, నూలు మగ్గం దగ్గర.

ఇప్పుడు విప్పి చూస్తే పట్టీ ఎక్కడా తెగలేదు. ఒక ముడి జారింది. దాని వెనుక ఇంకో రెండు జారాయి.

సుమన ఒక ముడిని రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. అది కూడా ఊడి వచ్చింది.

"తాతా, మన తాడు ఏ పన్నెలకెళ్లి పోతది?"

"తాడు పన్నెల ఎందుకు పోతది?"

"మరి తోకలెందుకు కోసినవ్?"

వెంకటయ్య చేతిలోని కత్తెర వైపు చూశాడు.

"అడుగు బిడ్డా," అంది గంగవ్వ లోపలి నుంచి. "గట్టిగ అడుగు."

"అలవాటు," అన్నాడు వెంకటయ్య.

పన్నెండింటికి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ముళ్లు పిల్లలు వేశారు. ప్రతి ముడీ రెండుసార్లు, ప్రతి తోకా బెత్తెడు. వెంకటయ్య ఒక్కో ముడిని కాలి బొటనవేలికి తగిలించి లాగి చూశాడు. రెండుసార్లు అతని చేయి కత్తెర మీదికి పోయింది. రెండోసారి సాయి దాన్ని తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టాడు.

"కత్తెర జప్త్, తాతా."

"పైసలు కడితే ఇస్తవారా?"

"ఇయ్య."

రెండు గంటల నలభై నిమిషాలకు తాడు అయింది. తోకలన్నీ బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"గిది తాడా, గొంగళిపురుగా?" అంది గంగవ్వ.

రేకుల కింది ఇనుప పైపు మీదుగా తాడు వేసి, చీర కట్టారు. మూల కుట్టిన పిండి సంచి పెట్టారు. దాని మీద ఐదు కిలోల బియ్యం పెట్టారు. తర్వాత రెండూ తీసి సాయిని కూర్చోబెట్టారు. సాయి దిగనన్నాడు. సుమన దింపింది. వెంకటయ్య స్టూలెక్కి చేతికందిన ముళ్లన్నీ తడిమాడు. ఇంకా బిగుసుకున్నాయి.

"ఏం జేద్దాం?" అని కోడలిని అడిగాడు.

ప్రసన్న తాడు పట్టుకుని తన బరువంతా వేసి వేలాడింది. కాళ్లు నేలకు ఆనించి, మళ్లీ వేలాడింది.

"ఊర్మిళాబెన్‌కు చెప్తా, ఘోడియు గిప్పుడే వాళ్లింట్లకు తీస్కపోవద్దని," అంది.

నాలుగు గంటల ఇరవై నిమిషాలకు పాపను తొట్టెలలో వేశారు. విజయరాణి అని చెవిలో చెప్పారు. ప్రసన్న ఒక చేత్తో ఊపుతూ, రెండో అరచేయి చీర అడుగున పెట్టింది. పదకొండో ఊపు దగ్గర ముఖం మీద పడ్డ వెంట్రుకలు సర్దుకోవడానికి ఆ చేయి తీసింది. మళ్లీ పెట్టలేదు.

ఐదున్నరకు ఊర్మిళాబెన్ మెట్ల దగ్గరి ఘోడియును తన ఇంట్లోకి తీసుకుపోయింది.