మంచులో మామ తోలిన బండి

భీమన్న ఒమాన్‌లో సమాయిల్ ఖర్జూర తోటల్లో పనికి చేరేనాటికి అతని కూతురు సింధూజ ఇంకా బడిలో కూడా చేరలేదు. ఆ పిల్ల పెరిగింది, పెళ్ళయింది, ఒక బిడ్డకు తల్లి కూడా అయింది. భీమన్న మాత్రం అవే చెట్లెక్కి మట్టలు కోస్తూ, అవే మడులకు నీళ్ళు మళ్ళిస్తూ ఉండిపోయాడు. అల్లుడు భూమేశ్‌కు వీసా తెప్పించింది అతనే. కోరుట్ల దగ్గర ట్రాక్టర్ తోలుకునే భూమేశ్ ఇక్కడికొచ్చి లైసెన్సు తెచ్చుకుని, అదే అర్బాబ్ దగ్గర, అంటే ఆ తోటల యజమాని దగ్గర, పికప్ డ్రైవరయ్యాడు. మామా అల్లుళ్ళది ఒకే రూమ్, ఒకే వంట.

బండిలో అల్లుడి పక్కన కూర్చున్నప్పుడు భీమన్న చూపు రోడ్డు మీద ఉండేది కాదు. భూమేశ్ చేతుల మీద, కాళ్ళ మీద ఉండేది.

“గిప్పుడెందుకు గేర్ మార్చినవ్?”

“గడ్డ ఎక్కుతున్నం గద మామా. నువ్వు నేర్సుకుంటవా? నేర్పిస్త.”

“ఈ వయసుల నాకెందుకురా! మీ అత్త ఇంటే నవ్వుతది.” అలా అని కిటికీ వైపు తిరిగేవాడు. కాసేపటికి మళ్ళీ చూపు గేరు మీదికే వచ్చేది. అతనికి సైకిల్ తొక్కడం కూడా రాదు. చిన్నప్పుడు ఇంట్లో సైకిల్ లేదు, పెద్దయ్యాక నేర్చుకోవాలంటే సిగ్గేసింది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం అర్బాబ్ వాళ్ళిద్దరికీ పని చెప్పాడు. అల్ హమ్రాలో తన తమ్ముడి తోటకు నీళ్ళ మోటారు చేర్చాలి. పొద్దున్నే బయలుదేరి, మోటారు దించి, బిగించేసరికి పదకొండయింది. చాయ్ తాగుదామని రోడ్డు పక్క హోటల్ ముందు ఆగారు. ఎదురుగా కార్లు వరుసగా కొండ వైపు పోతున్నాయి. పెద్ద పెద్ద జీపుల్లో కుటుంబాలకు కుటుంబాలు, కిటికీల్లోంచి పిల్లల తలలు.

చాయ్ ఇచ్చిన హోటలతను ఖాదర్ నవ్వుతూ చెప్పాడు. “ఊపర్ బరఫ్ గిరా భాయ్. రాత్ సే గిర్ రహా. సబ్ దేఖ్‌నే జా రహే.”

భీమన్న చాయ్ కప్పు కింద పెట్టేశాడు. “బరఫంటే? ఫ్రిజ్‌ల ఉండేదా?”

“గదే. జబల్ షమ్స్ గుట్ట మీద పడ్డదంట,” అన్నాడు భూమేశ్.

“ఇన్నేండ్లసంది ఎండల సస్తున్న. ఈ దేశంల మంచు పడుతదని ఒక్కడు చెప్పలే నాకు.” భీమన్న లేచి నిలబడ్డాడు. “పోదాం పా అల్లుడా. సూసి వద్దాం.”

“అర్బాబ్ అడిగితే?”

“మోటర్ లేటయిందని చెప్తం. ఎన్నడన్న అడిగిన్నా నిన్ను, గిది కావాల్నని?”

నిజమే, ఎన్నడూ అడగలేదు. పికప్ ఫోర్ వీల్‌ది, కొండ ఎక్కుతుంది. భూమేశ్ తాళం చెవి తీశాడు.

మలుపు మలుపుకూ చలి పెరిగింది. ముందు రాళ్ళ సందుల్లో తెల్లగా అక్కడక్కడ కనిపించింది. తర్వాత రోడ్డు పక్కన చారలు చారలుగా. పైకి చేరేసరికి కొండే కనిపించలేదు. ఎటు చూసినా తెలుపు. ఒమానీ కుర్రాళ్ళు ల్యాండ్ క్రూజర్‌లను మంచు మీద గిరగిరా తిప్పుతూ హారన్లు కొడుతున్నారు. ఒకడు బానెట్ మీద మంచు కుప్ప పోసి దానికి తన టోపీ పెట్టాడు. భీమన్న దిగి, తువాలు తలకు చుట్టుకుని, రెండు చేతులా మంచు తీసి మొహానికి రుద్దుకున్నాడు. నాలుక మీద వేసుకున్నాడు. “సప్పగున్నది!” అని అరిచి, మిగిలింది అల్లుడి మెడ మీద పోశాడు.

జనం ఎక్కువగా ఉన్నచోటు దాటి కొంచెం దూరం పోతే చదునైన మైదానం వచ్చింది. ఎవ్వరూ లేరు. భూమేశ్ బండిని కాస్త వేగంగా పోనిచ్చి స్టీరింగ్ తిప్పాడు. చక్రాలు పట్టు వదిలాయి. వెనక భాగం పక్కకు జారి, బండి మొత్తం గుండ్రంగా తిరిగి, వచ్చిన వైపుకే మొహం పెట్టి ఆగింది. భీమన్న నవ్వడం మొదలుపెట్టాడు. సీటు మీద చరుస్తూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

“ఇంకోపారి! ఇంకోపారి తిప్పు!”

భూమేశ్ తిప్పాడు. మంచు తుంపర అద్దాన్ని కప్పేసింది. జారే వైపుకే స్టీరింగ్ తిప్పితే బండి మళ్ళీ దారికొస్తుందని అతనికి అప్పుడే చేతికి తెలిసింది. ఎడమకు జారించి, సరిచేసి, మళ్ళీ కుడికి జారించాడు. ఒమాన్ వచ్చిన తర్వాత బండి తోలడమంటే డ్యూటీయే. తోలడంలో ఇంత సంతోషం ఉంటుందని అతను మరిచిపోయాడు. మైదానం నిండా వాళ్ళ టైర్ల సున్నాలే.

అప్పుడు భీమన్న మెల్లగా అన్నాడు. “నాకియ్యిరా జర.”

భూమేశ్ చుట్టూ చూశాడు. గుద్దడానికి చెట్టు లేదు, మనిషి లేడు. సీట్లు మార్చుకున్నారు. క్లచ్ వదలగానే బండి ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి కదిలింది. భీమన్న స్టీరింగ్‌ను రెండు చేతులా కావలించుకున్నట్టు పట్టుకుని, నోరు తెరుచుకుని, నడక వేగంతో మైదానం చుట్టొచ్చాడు. భూమేశ్ పక్కన కూర్చుని “ఎక్స్‌లేటర్ మెల్లగ, మెల్లగ” అంటున్నాడు. చుట్టు తిరిగి వచ్చాక భీమన్న ఆపి, అల్లుడి వైపు తిరిగాడు. మొహం చిన్నపిల్లవాడిలా ఉంది.

“నువ్వు దిగు. పక్కన నువ్వుంటే నువ్వు తోలినట్టే ఉంటది. ఒక్కన్నే ఒక్క చుట్టు.”

భూమేశ్ దిగాడు. అతని ఫోన్ డాష్‌బోర్డ్ మీదే పాట పాడుతూ ఉండిపోయింది.

మొదటి చుట్టు బాగానే సాగింది. దాటి పోతూ భీమన్న కిటికీలోంచి చెయ్యి ఊపాడు. భూమేశ్ కూడా చప్పట్లు కొట్టి ఊపాడు. రెండో చుట్టులో ఇంజిన్ చప్పుడు మారింది. అల్లుడు తిప్పినట్టే తిప్పాలని చూశాడేమో, బండి పక్కకు జారింది. భీమన్న భయపడి బ్రేక్ అనుకుని ఎక్స్‌లేటర్ తొక్కాడు. ఇంజిన్ బొబ్బ పెట్టింది. “బ్రేక్! మామా, బ్రేక్!” అని అరుస్తూ భూమేశ్ పరిగెత్తి, జారి పడి, మళ్ళీ లేచాడు. మైదానం చివర మంచు కింద నేల వాలుగా ఉందని వాళ్ళిద్దరూ చూసుకోలేదు. పికప్ ఆ వాలులో అడ్డంగా జారుతూ పోయి, ఎండిన వాగు అంచున రాళ్ళకు తగిలి, పల్టీ కొట్టింది.

భూమేశ్ చేరేసరికి భీమన్న సగం తలుపులోంచి బయట ఉన్నాడు. నెత్తురు ఎక్కువ లేదు. ఛాతీ మాత్రం నొక్కుకుపోయి ఉంది. పగిలిన అద్దంతో చేతులు కోసుకుంటున్నా భూమేశ్ అతన్ని బయటికి లాగి తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఏం గాదు మామా. ఏం గాదు.”

భీమన్న ఊపిరి కోసం ఆగి ఆగి మాట్లాడాడు. “నేను తోలిన్నని చెప్పకు. ఊళ్ళె నవ్వుతరు. ముసలోడు పోరగాండ్ల లెక్క ఆడవొయ్యిండని… సింధుకు గుడ చెప్పకు.”

“చెప్ప. నువ్వు మాట్లాడకు.”

చప్పుడు విని ఇద్దరు ఒమానీలు జీపులో వచ్చారు. ఒకతను భీమన్న మీద తన కోటు కప్పాడు. రెండో అతను ఫోన్ తీసి పోలీసులకు చెబుతూ భూమేశ్‌ను అడిగాడు. “డ్రైవర్ కౌన్?”

“మై,” అన్నాడు భూమేశ్. ఆలోచించి అన్న మాట కాదు. మామ వింటున్నాడు కాబట్టి అన్నాడు.

అంబులెన్స్ నిజ్వా ఆస్పత్రికి చేరకముందే భీమన్న పోయాడు. ఆస్పత్రి వరండాలో పోలీసు అదే ప్రశ్న అడిగాడు. భూమేశ్ అదే జవాబు చెప్పాడు.

మామ పోయిన కబురు ఇంటికి చెప్పింది భూమేశే. ఎవరిదో ఫోన్ అడిగి, పోలీసు స్టేషన్ బయట నిలబడి చెప్పాడు. అటు నుంచి సింధూజ ఏడుపు, వెనక అత్త గౌరవ్వ అరుపు. చాలాసేపటికి సింధూజ అడిగింది.

“మోటర్ దించినంక సక్కగ రూముకు రాక, ఆ గుట్ట మీదికి ఏం పనికి వొయ్యిండ్రు?”

“మంచు సూద్దామని.”

“బండి ఎవరు తోలిండ్రు?”

“నేనే.”

లైన్ కట్టయింది.

శవపేటిక హైదరాబాద్ పోయింది. వెంట పోవలసిన అల్లుడు లాకప్‌లో ఉన్నాడు. భీమన్నకు కొడుకులు లేరు. కుండ పట్టుకుని ముందు నడిచింది సింధూజేనని, చంటిపిల్లను చంకనేసుకున్న గౌరవ్వ స్మశానం దాకా పోతానని పెనుగులాడిందని తర్వాత తెలిసింది. చెప్పింది షఫీ. అతనిది నిర్మల్, అదే తోటలో పని, పక్క రూమ్. భూమేశ్‌ను చూడడానికి వచ్చేది అతనొక్కడే.

ఒకనాడు భూమేశ్ ఉండబట్టలేక షఫీకి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. “జడ్జి ముందు నిజం చెప్తనే. సింధు నా మొకం జూస్తలేదు. ఫోన్ ఎత్తుతలేదు.”

షఫీ తల పట్టుకున్నాడు. “నిజం చెప్తే నిన్ను ఇడుస్తరనుకుంటున్నవా? లైసెన్స్ లేనోనికి బండి ఇచ్చినవని గదే జైలు. పైంగ భీమన్నే తోలిండంటే గౌరవ్వకు ఇన్సూరెన్స్‌ది పైస రాదు. ముసలామె చంటిపిల్లతోని ఏం జేస్తది? నోరు మూసుకో తమ్మీ. శిక్ష అయిపోయినంక నీ పెండ్లానికి నువ్వే నిదానంగ చెప్పుకో.”

భూమేశ్ నోరు మూసుకున్నాడు. కోర్టులో తర్జుమా చేసేవాడు “తప్పు ఒప్పుకుంటున్నావా” అని హిందీలో అడిగితే తలూపాడు. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి ప్రాణం తీసినందుకు జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపించివేత. జైలు సమాయిల్‌లోనే ఉంది. మామ మట్టలు కోసిన తోటలు అక్కడికి దగ్గరే అయినా గోడల మీదుగా ఏమీ కనిపించేవి కావు.

ఎండాకాలం లోపలే గడిచింది. అందరూ వేడికి గోడలకు ఆనుకుని పడుకుంటే అతనికి కలలో మంచు వచ్చేది. బండి గుండ్రంగా తిరిగేది, మామ నవ్వేవాడు. ఆ నవ్వుకే మెలకువ వచ్చేది. మెలకువ వచ్చాక కాసేపు ఆ నవ్వు అతని మొహం మీద కూడా ఉండేది. అది గుర్తించి తనను తాను అసహ్యించుకునేవాడు. ఆ రోజు తను కూడా అంత సంతోషంగా ఉన్నాడు. అది మాత్రం అబద్ధం చెప్పి దాచలేకపోయాడు.

విడుదలకు ముందు రోజు ఇంటికి మాట్లాడుకోనిచ్చారు. కొత్త నంబరు కావడంతో సింధూజ ఫోన్ ఎత్తింది.

“సింధూ, కట్ జెయ్యకు. ఒక్క మాట ఇను. ఆ దినం బండి తోలింది నేను గాదు. మీ నాయిన. తోల్త అన్నడు, ఇచ్చిన. మస్తు సంబరపడ్డడు. పోయేటప్పుడు ఎవలకు చెప్పొద్దన్నడు. గందుకే చెప్పలే.”

సింధూజ గొంతు వచ్చింది, చాలా నెమ్మదిగా.

“మా నాయినకు సైకిల్ తొక్కరాదు.”

“నాకెరుకే. గందుకే గద…”

“ఇన్నొద్దులకు యాదికొచ్చిందా నీకు? ఇంటికి రావాలె గదా, అందుకనా? సచ్చినోడు వచ్చి కాదనడని, ఆయిన మీద పెడ్తున్నవా?”

“షఫీనడుగు! ఆయినకు అప్పుడే చెప్పిన.”

“నువ్వు చెప్పిందే గద ఆయిన చెప్తడు.” ఆమె ఏడవడం లేదు. “నువ్వు తోలిన్నని అన్నప్పుడన్న నీ మీద జర ఇది ఉండె నాకు. తప్పయింది, ఒప్పుకున్నడు అనుకున్న. ఇగ అదిగుడ లేదు.”

ఫోన్ గౌరవ్వ తీసుకుంది. ఆమె విన్నట్టే ఉంది. ఆమె నమ్మిందో లేదో గొంతును బట్టి తెలియలేదు.

“బిడ్డా,” అంది, “ఆ మాట ఇంకెవ్వలతోని అనకు. ఊళ్ళె ఆయినకు మంచి పేరున్నది. పని తప్ప ఏం తెల్వనోడు అంటరు. గంతే మిగిలింది మాకు. నువ్వు ఇటు రాకు. కొన్ని దినాలు ఎటన్న ఉండు.”

“పిల్లను ఒక్కపారి సూసి పోత అత్తమ్మా.”

“రాకు బిడ్డా.” ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున అతన్ని పోలీసు వ్యాన్‌లో మస్కట్ ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయారు. ఒంటి మీద బట్టలు, షఫీ తెచ్చిచ్చిన సంచి. అందులో మామ చొక్కాలు రెండున్నాయి. వాటిని ఎవరికి ఇవ్వాలో అతనికి తెలియదు. పక్కన కూర్చున్న పోలీసు వయసులో చిన్నవాడు, మంచివాడిలా ఉన్నాడు. నీళ్ళ సీసా అందించి, ఇంటికి పోతున్నావు కదా, తీసుకుపోవడానికి ఎవరొస్తారని హిందీలో పలకరించాడు.

“ఘర్ జా రహా హై. ఖుష్? కౌన్ ఆయేగా లేనే కో?”

భూమేశ్ నీళ్ళు తాగాడు. మూత పెట్టబోతే అది జారి సీటు కిందికి పోయింది. పోలీసు వంగి వెతికి ఇచ్చాడు. మళ్ళీ అడగలేదు. వ్యాన్ ఎయిర్‌పోర్ట్ గేటు ముందు ఆగింది. అతన్ని దించి, లోపలికి నడిపించి, హైదరాబాద్ పోయే వాళ్ళ వరుసలో చివర నిలబెట్టారు. ముందున్న వాళ్ళంతా ఇంటికి ఫోన్‌లు చేసి ఎన్ని గంటలకు దిగుతారో చెబుతున్నారు. వరుస కదిలినప్పుడల్లా భూమేశ్ కూడా సంచి పట్టుకుని ఒక్కో అడుగు ముందుకు వేశాడు.