దర్జీ గీసిన కిటికీ

ఎదురుకొట్టు దర్జీ తాళాలాయన భార్యను ఏళ్ల తరబడి చూశాడు. అది తప్పు. ఊరంతా తిరిగి తాళాలు బాగుచేసే ఆయన లెక్కలో దాని మీద ఇక విచారణ అక్కర్లేదు. ఆమె పోయి చాలాకాలమైనా తప్పు తప్పే.

సంగతి బయటపడింది ఆయన కూతురి చదువువల్ల. ఆమె భూగోళశాస్త్రంలో ఎం.ఏ. చేస్తోంది. పల్లెబడిలో ఐదో తరగతితో ఆగిన తాళాలాయనకు భూగోళమంటే గోడకు వేలాడే పటం, వల్లెవేసిన నదుల పేర్లు. కూతురు చేసేది వేరు. ఆఖరి ఏడాది పరిశోధనకు తమ వీధినే ఎంచుకుంది. ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్ల చేతికి తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చేది.

"స్కేలు వద్దు. బయటికి తొంగిచూడొద్దు. మన వీధి మీకెలా గుర్తుందో అలా గీయండి" అనేది.

ఓ ఆదివారం కాగితాలన్నీ గచ్చు మీద పరిచింది. కిరాణా ఆవిడ వీధి నిండా కుక్కల్ని గీసింది. రిటైరైన పోస్ట్‌మాన్ గేట్లు గీసి ఇళ్లు మరిచిపోయాడు. నవ్వుకుంటూ చూస్తున్న తాళాలాయన దర్జీ కాగితం దగ్గర ఆగిపోయాడు.

తన కొట్టును దర్జీ చొక్కా గుండీ అంత గీసుకున్నాడు. దానికి ఎదురుగా అరచెయ్యంత కిటికీ. వంగిన ఊచతో సహా. అది తాళాలాయన వంటింటి కిటికీ.

"ఇంత పెద్దదేమిటే?"

"అదే నాన్నా గమ్మత్తు. మనసుకు దగ్గరైనదాన్ని మనిషి తెలియకుండానే పెద్దగా గీస్తాడు. మా మేడమ్‌కి ఇది తెగ నచ్చింది. మొదటి బొమ్మగా పెట్టమన్నారు."

"తీసెయ్."

"తీసేస్తే ఆ అధ్యాయమే ఉండదు. నా డిగ్రీ ఏం కావాలి?"

"మీ మేడమ్ ఇంటి కిటికీ పెట్టుకోమను."

చెప్పులేసుకుని రోడ్డు దాటాడు. దర్జీ ఒంటరిగా కూర్చుని కాజాలు కుడుతున్నాడు.

"మా కిటికీతో నీకేం పని?"

దర్జీ కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. "కూర్చో అన్నయ్యా. నాకేం పని? మిషన్ అటువైపు ఉంది. సూది మీంచి తలెత్తితే కనబడేది అదే. మరి నీ మొహం గీయనా? తెల్లారకుండా పోతే చీకటి పడ్డాకేగా నువ్వొచ్చేది!"

"ఏం చూసేవాడివి?"

"ఏముంటుంది? వదిన వంట చేసుకునేది. కూర మాడితే నాకే ముందు వాసనొచ్చేది. నీతో అనొద్దని నవ్వుతూ నోటి మీద వేలేసుకుని చూపించేది. మాడింది తను తినేసి, నీకు మళ్లీ వండేది. పిచ్చిమనిషి."

తాళాలాయనకు ఒళ్లు మండిపోయింది. దర్జీ గొంతులో ఎక్కడా వంకర లేదు. ఉంటే కాలరైనా పట్టుకునేవాడు. పెళ్లాడింది తను. బతుకంతా మంచి కూర తిన్నాడు. మాడిన కూర సంగతి మాత్రం ఎదురుకొట్టువాడికి దక్కింది. ఆ వేలు, ఆ నవ్వు, ఆ గుట్టు, అన్నీ వాడికే.

రోడ్డు దాటి ఇంటికొచ్చాడు. "నాకూ ఓ కాగితం ఇవ్వు" అన్నాడు.

దర్జీ గీసిన కిటికీకి నాలుగింతలు తన ఇల్లుండాలని పట్టుబట్టి గీశాడు. కాగితం నిండా తన ఇల్లే. వీధికి చోటు మిగల్లేదు. పెన్సిలు మొద్దుబారాక కూతురి ముందుకు తోశాడు.

ఆమె కాగితాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది. "తలుపుంది. గడియ ఉంది. తాళంకప్ప అయితే అచ్చం దిగిపోయింది. కిటికీ ఏదీ నాన్నా?"

పెన్సిలు మళ్లీ అందుకున్నాడు. కాగితం దాకా తెచ్చి ఆపాడు. ఇప్పుడు గీస్తే అది దర్జీది చూసి దించిన కిటికీ అవుతుంది.

"గీయి, పర్లేదు" అంది కూతురు మెల్లగా.

"గీయను. ఇది ఇలాగే పెట్టుకో. వాడిదీ పెట్టుకో. డిగ్రీ తెచ్చుకో." పెన్సిలు గచ్చు మీద పడేసి లేచాడు. "ఈ ఇంట్లో కిటికీ మాట మళ్లీ ఎత్తావంటే ఊరుకోను. నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."