తలుపు తెరవకడి

ఆఫీసులో ఆమెను అందరూ కామాక్షి అనేవారు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఎవరు ఏం రాసి పంపినా ముందు కామాల మీదే కన్నేస్తుందని తోటివాళ్లు తగిలించిన పేరు.

ఆస్పత్రుల్లో కత్తెరలూ సూదులూ ఆవిరితో శుభ్రం చేసే యంత్రాలు తయారుచేసే కంపెనీ అది. వాటిని ఎలా నడపాలో, ఎలా బాగుచేయాలో చెప్పే పుస్తకం ఆమె బాధ్యత. అచ్చు పుస్తకం కాదు, కంప్యూటర్లో చదువుకునేది. బయట తిరిగే మెకానిక్కులు తమకు తెలిసిన సంగతులు రాసి పంపితే, ఆమె సరిదిద్ది అందులో చేర్చేది.

అలా రాసేవాళ్లలో ఆమె అక్క భర్త ఒకడు. స్పానరు పట్టుకుంటే తిరుగులేని మనిషి, కీబోర్డు ముందు మాత్రం తడబడేవాడు.

"నువ్వు రాసింది చదవాలంటే నాకింకో జత కళ్లు కావాలి బావా" అని ఆమె ఏడిపిస్తే, "నా కళ్లు ఎప్పుడో మీ అక్కకిచ్చేశా, ఇక అక్షరాలు ఎవరు చూస్తారు?" అనేవాడు.

ఆ ఏడాది మేనేజరు తప్పులు దిద్దే ప్రోగ్రామొకటి కొన్నాడు. అది తనకు తెలియని మాట కనిపిస్తే, దానికి దగ్గరగా ఉన్న తెలిసిన మాట పెట్టేస్తుంది. చిన్న సవరణలైతే మనిషి చూడకుండానే నేరుగా పుస్తకంలోకి వెళ్లిపోతాయి.

"దాన్ని ఎర్రగీత గీసి ఊరుకోమనండి. మార్చేది మనిషే మార్చాలి" అందామె.

"మీరొక్కరూ చదివేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది" అని మేనేజరు నవ్వేశాడు.

కొన్నాళ్లకు ఒక ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. యంత్రం నడిపే మనిషికి ఆవిరి కొట్టి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. ఆవిడ పుస్తకంలో ఉన్నట్టే చేసింది. 'పాత రకంలో ముల్లు సున్నాకు రాగానే తలుపు తెరవండి' అని ఉందక్కడ.

ఆ వాక్యం పంపింది బావ. పాత యంత్రాల్లో ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఇరుక్కుపోయి, లోపల ఆవిరి ఉండగానే సున్నా చూపిస్తుంది. 'తెరవకండి' అని హెచ్చరించబోయి, సున్న మరిచిపోయి 'తెరవకడి' అని కొట్టాడు. ప్రోగ్రాం సున్న తెచ్చి 'క' ఉన్నచోట పెట్టింది. 'క' ఎగిరిపోయింది.

మర్నాటికల్లా బావను పనిలోంచి తీసేశారు. మెకానిక్కు అక్షరదోషం వల్లే ప్రమాదం జరిగిందని రాసిన కాగితం మేనేజరు ఆమె ముందు పెట్టి సంతకం చేయమన్నాడు.

చదువుతుంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తెరవకడి అంటే తెరవొద్దని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. తెరవమని చెప్పింది మీరు కొన్న వస్తువు."

"తప్పు రాసింది ఆయనే కదండీ. ప్రోగ్రాం తన పని చేసింది."

"దాన్ని మనిషి కన్ను పడకుండా వదిలిందెవరు?"

"మీ బావగారు కాబట్టి వెనకేసుకొస్తున్నారు."

"బావే. అయితే? చెయ్యి కాలినావిడ నాకేమవుతుందని?"

కాగితం అక్కడే వదిలేసి తన గదికి వెళ్లింది. ప్రోగ్రామును ఆపేసింది. పుస్తకం మొత్తాన్ని ఎవరికీ కనబడకుండా తీసేసి, దాని చోట 'మనిషి చదవకుండా వచ్చిన మార్పులున్నాయి, చదివి సరిచేసేదాకా దీన్ని నమ్మవద్దు' అని పెట్టింది. ఆస్పత్రులనుంచీ మెకానిక్కులనుంచీ ఫోన్లు మోగిపోయాయి. మేనేజరు పరుగున వచ్చి, "కంపెనీ పరువు బజారున పడేశారు" అని అరిచాడు.

"పరువు మళ్లీ కొనుక్కోండి, ప్రోగ్రాం కొన్నట్టు" అందామె, తల ఎత్తకుండా.

ఉద్యోగం ఊడుతుందనే అనుకుంది. ఊడలేదు. వెతుకుతుంటే ప్రోగ్రాం అర్థం మార్చేసిన మాటలు ఇంకా బయటపడ్డాయి, పైవాళ్లు బెదిరిపోయారు. బావను తిరిగి పిలిచారు. ప్రోగ్రామును ఎర్రగీతలకే పరిమితం చేశారు. కొత్త నివేదికలో మాత్రం 'సాంకేతిక లోపం' అని రాసుకున్నారు. మేనేజరు పేరు ఎక్కడా లేదు.

ఆదివారం ఆమె బావతో కలిసి ఆస్పత్రికి వెళ్లింది. కట్టుతో ఉన్న చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చుందావిడ.

"రాసినట్టే చేశానమ్మా. అందరూ నాకు చదవడం రాదంటున్నారు. ఇంతకీ అది రాసిందెవరు?" అనడిగింది.

కామాక్షి నోరు తెరిచేలోపు, "నేనేనమ్మా" అన్నాడు బావ.

ఆవిడ అతణ్ణి చాలాసేపు చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది.

వరండాలోకి రాగానే కామాక్షి గిర్రున తిరిగింది. "ఎందుకన్నావు ఆ మాట? జరిగింది చెప్పొచ్చుగా?"

"నొప్పితో ఉన్న మనిషికి ప్రోగ్రాం కథంతా ఏం చెప్పను? సున్న మరిచింది నేనేగా."

"నీలాంటివాళ్లు నెత్తినేసుకోబట్టే వాళ్లు చేతులు దులుపుకుంటున్నారు."

ఆమె అతని కోసం ఆగకుండా మెట్లు దిగి, బస్సులో వేరే సీట్లో కూర్చుంది. మేనేజరు మీది కోపం ఎంతో, బావ మీదిదీ అంతే ఉంది. ఇల్లు చేరేదాకా అతనితో మాట్లాడలేదు.