అక్క మోకాళ్ల మీది వాతలు

ఆధార్ కార్డు తీసుకోవాలి, రిపోర్టులు తడవకుండా కవర్లో చుట్టాలి, అరకులో మొదటి బస్సు అందుకోవాలి, అక్క మోకాళ్ల మీది వాతలు చీరతో కప్పాలి. చివరిది నేనే చెప్పాను. డిగ్రీ చదివాను కదా, సిగ్గేసింది.

మా అక్క సరళది సికిల్ సెల్ జబ్బు. ఎముకల్లో నొప్పి లేస్తే మా ఊళ్లో మందూ మంత్రమూ చూసే గురువు కాల్చిన కడ్డీతో వాతలు పెడతాడు.

పట్నం ఆసుపత్రిలో పెద్ద డాక్టరు మోకాళ్ల మీది చీర జరిపించి చూశాడు.

"ఛీ! మళ్లీ కాల్పించుకొచ్చారా? మీ కొండోళ్లు మారరు. నొప్పి తగ్గించే సూది కోసం నాటకాలు!"

ముట్టుకోకుండానే జ్వరం బిళ్లలు రాసి చీటీ విసిరాడు. నాకు రోత పుట్టింది. సగం ఆయన్ని చూసి, సగం నన్ను చూసుకుని.

వరండాలో అక్క పళ్లు బిగించి, "బేగి ఎలిపోదాం తమ్ముడూ. ఈ సూపుల కన్నా గురువు కడ్డీయే నయం" అంది.

అటుగా వెళ్తున్న చిన్న డాక్టరమ్మ ఆ మాట విని ఆగింది. అక్క ముందు నేల మీద కూర్చుని, చీర కొంచెం జరిపి, వాత పక్కన వేలు ఆనించింది.

"ఇది ఓర్చుకున్నావంటే లోపలి నొప్పి ఇంకెంతుందో కదమ్మా!"

అక్కను మంచం మీద పడుకోబెట్టి తనే సూది వేసింది.

పెద్ద డాక్టరు పేరు గది తలుపు మీద ఇత్తడి అక్షరాల్లో ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు, అడిగి తెలుసుకున్నాను. ప్రసన్న. దయచేసి గుర్తుపెట్టుకోండి.