ఒక్కో వరుసనీ విడిగా

రెండేళ్ళ పాప జూనీ బట్టలు మడతపెడుతూనే కేల్సీ మళ్ళీ మెయిల్ సర్వర్ లాగ్, వచ్చిన మెయిళ్ళ చిట్టా, తెరిచింది. మధ్యాహ్నం నుంచి ఇది నాలుగోసారి.

బేస్‌మెంట్‌లో హుమ్మంటూ నడిచే ఆ పాత కంప్యూటరే ఇళ్ళని వెచ్చగా ఉంచే ఫర్నేసులు రిపేరు చేసే వాళ్ళ వ్యాపారానికి మెయిల్ సర్వర్. దాన్ని పెట్టింది భర్త బ్రెంట్, కనిపెట్టుకుని ఉండేది కేల్సీ. "ఇంట్లోనే ఉంటావుగా, ఓ కన్నేసి ఉంచు" అన్నాడు, జూనీ పుట్టిన నెలకే. ఆ కన్ను రెండేళ్ళుగా అక్కడే ఉండిపోయింది. డులూత్‌లో చలి ముదిరితే ఫోను ఆగదు, పిల్ల ఏడుపు ఆగదు, ఏది ముందో ఆమెకెవరూ చెప్పరు.

నర్సింగ్ చదువు రెండో ఏడాదిలో మానేసింది. ఇప్పుడు మళ్ళీ సీటుకి దరఖాస్తు పెట్టింది. జవాబు రాలేదు. తనకి అంత అర్హత లేదేమో అనుకుని మూడు వారాలు లోలోపలే కుమిలింది. ఈ మధ్యాహ్నం కాలేజీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది: "సీటిచ్చామని మూడుసార్లు రాశామమ్మా! అందిందనే మీ సర్వర్ చెప్పింది. ఇవాళ ఐదింటిలోపు సంతకం పెట్టకపోతే సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది."

అందితే ఏదీ? సర్వర్‌లో నియమాల ఫైలొకటి ఉంది. వచ్చే ప్రతి మెయిల్‌కీ పైన వరుసలుంటాయి, ఎవరు పంపారు, విషయమేమిటి అని; వాటిని ఆ ఫైలుతో పోల్చి చూసి రానివ్వాలో పారేయాలో సర్వర్ తేలుస్తుంది. కాలేజీ చిరునామాని రానివ్వమని అన్నిటికన్నా పైన ఒక నియమం రాసి, మళ్ళీ పంపమని అడిగింది. రాలేదు. తన ఫోన్ నుంచి పంపుకున్న మెయిల్ మాత్రం చక్కగా వచ్చింది. ఏమీ పాలుపోలేదు. "చదువు సగంలో వదిలేసినదానివి, నీకెందుకమ్మాయ్ ఆ తంటాలు" అనే అత్తగారు జోయాన్ మాటే నిజమేమో. "నువ్వు ముట్టుకుంటే ఏదో ఒకటి ఊడిపోతుంది" అని బ్రెంట్ నవ్వుతూ అనేవాడు. నవ్వుతూ అన్నది కాబట్టి బాధపడకూడదా?

ఈసారి లాగ్‌లో ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. మెయిల్ వచ్చింది. విషయం వరుస దగ్గర పారేయబడింది. పంపినవాళ్ళకి మాత్రం అందిందన్న జవాబు వెళ్ళింది. అప్పుడు తట్టింది. సర్వర్ ప్రతి వరుసనీ విడిగా చూస్తుంది. పంపినవారి వరుసకి తనిచ్చిన అనుమతి విషయం వరుసకి చెల్లదు.

నియమాల్లో కిందికి వెళ్ళింది. విషయంలో 'అడ్మిషన్' అన్న మాట ఉంటే చప్పుడు కాకుండా పారేయమని ఒక నియమం. దాని మీద గుర్తుకోసం రాసుకున్న ముక్క: "కేల్సీ కాలేజీ గోల". తేదీ ఆగస్టు పంతొమ్మిది. ముందురోజు రాత్రే భోజనాల దగ్గర మళ్ళీ చదువుతానని చెప్పింది. "చూద్దాంలే" అంటూ బ్రెంట్ ఆమె కంచంలో ఇంకో గరిటె వడ్డించాడు కూడా.

బ్రెంట్‌కి ఫోన్ చేసింది. "'అడ్మిషన్' అని ఉంటే పారేయమన్న నియమం నువ్వు పెట్టావా?"

"ఏ నియమం? ఓ, అదా! కస్టమర్ల మెయిళ్ళకి అడ్డమని పెట్టా. సీటు రాకపోతే నువ్వే ఏడుస్తావని కూడా. తీసేయ్ కేల్స్, ఒక్క సెకను పని."

ఎంత మెత్తగా అన్నాడో. ఇది కోపం తెచ్చుకోవాల్సిన విషయమేనా? తను అతిగా ఆలోచిస్తోందా? కేల్సీకి తెలియలేదు. వేలు చెరిపే మీట మీద ఆగింది. తీసేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, ఇది జరిగిందని రేపు తనకే నమ్మకం ఉండదు. వేలు వెనక్కి తీసుకుంది.

"పెట్టింది నువ్వు. తీసేదీ నువ్వే. నేను కాలేజీకి వెళ్తున్నా, సంతకం పెట్టాలి."

"ఇప్పుడా? మరి ఫోన్లెవరు ఎత్తుతారే?"

జూనీకి మంచు కోటు తొడిగి కారులో కూర్చోబెట్టేదాకా అలవాటుగా దానికి జవాబు వెతుకుతూనే ఉంది. తాళం తిప్పాక గాని అర్థం కాలేదు, ఆ ప్రశ్న తనది కాదని.